ఒంటరిగా క్రూజ్‌కి వెళ్తే ఇద్దరి డబ్బు కట్టాల్సిందేనా?

కెరటం:

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

మధ్యధరా సముద్రంలో ఒక వారం క్రూజ్‌కి వెళ్లాలనుకుంటున్నాను. ఒక్కదాన్నే. మా వారికి ఓడ ఫొటో చూసినా కడుపులో తిప్పుతుంది. స్నేహితురాళ్లలో ఒకరికి మోకాళ్ల నొప్పులు, ఒకరికి మనవలు, ఇంకొకరికి సెలవు దొరకని ఉద్యోగం. వీళ్లందరికీ కుదిరే తేదీ కోసం ఎదురుచూస్తే ఆ మోకాళ్ల నొప్పులు నాకూ వచ్చేస్తాయి.

వెబ్‌సైట్‌లో తలకి ఇంత అని చూపించిన ధర నాకు అందుబాటులోనే ఉంది. సంతోషంగా ప్రయాణికులు అన్న చోట 2 తీసేసి 1 పెట్టాను. మొత్తం సగం అవుతుందనుకుంటే, ఇద్దరికి చూపించిన దానికి కాస్త తక్కువలో ఆగింది. పేజీ సరిగ్గా లోడ్ కాలేదేమోనని మళ్లీ చూశాను. అదే అంకె.

నా సందేహాలు ఇవి. ఒక మనిషి దగ్గర ఇద్దరి డబ్బు ఎందుకు తీసుకుంటారు? తప్పించుకునే దారి ఏదైనా ఉందా? ఒంటరి వాళ్ల కోసం స్టూడియో క్యాబిన్లు ఉంటాయట, అవి నిజంగా చవకేనా? చివరి నిమిషంలో కొంటే బాగా తగ్గుతుందని ఒకరు, ఏడాది ముందే కొనాలని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి? బాల్కనీ అక్కర్లేదు. కిటికీ లేకపోయినా ఫర్వాలేదు. తేదీలు నా చేతిలోనే ఉన్నాయి. డబ్బు మాత్రం లెక్క చూసుకుని ఖర్చు పెట్టాలి.

ఒక్కదాన్నే భోజనానికి కూర్చోవడం ఎలా ఉంటుందో అన్న టెన్షన్ కూడా కొంచెం ఉంది, కానీ అది తర్వాతి సంగతి.


తెరచాప:

దీనికి ఇంత ఆలోచన ఎందుకండీ. మీలాగే ఒంటరిగా వెళ్లే ఇంకో ఆవిడని చూసుకుని క్యాబిన్ పంచుకోండి. సగానికి సగం.


కెరటం:

తెరచాప గారూ, ముఖపరిచయం లేని మనిషితో అంత చిన్న గదిలో వారం రోజులా? ఆవిడ గురక పెడితే నేను డెక్ మీద పడుకోవాలి. నేను గురక పెడితే ఆవిడ పడుకోవాలి. రెండోదే జరుగుతుందని మా ఇంట్లో అంటారు.


లోపలి_క్యాబిన్:

కెరటం గారూ, నేను ఎప్పుడూ ఒక్కదాన్నే వెళ్తాను, అదీ కిటికీ లేని క్యాబిన్లోనే. ఉద్యోగం అకౌంట్స్‌లో. కాబట్టి ఈ సింగిల్ సప్లిమెంట్, అంటే గదిలో ఒక్కరే ఉంటే అదనంగా వేసే చార్జీ, దాని మీద నాకు కోపం తక్కువ, లెక్క ఎక్కువ. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ముందు ఎందుకు అన్న ప్రశ్న. వాళ్లు తలకి ఇంత అని చూపిస్తారు గానీ, అమ్మేది గదిని. ఒక గదిలో ఇద్దరు ఉంటారన్న లెక్కతో వేసిన ధరని సగం చేసి మనకి చూపిస్తారు. డబుల్ కాట్ మీద ఒక్కరే పడుకుంటాం అంటే పరుపు సగం ధరకి ఇవ్వరు కదా, ఇదీ అంతే. పైగా వాళ్ల రాబడిలో పెద్ద వాటా ఓడ ఎక్కిన తర్వాత వచ్చేదే: మందు, స్పా, కాసినో, రేవుల్లో దిగి తిరిగే టూర్లు. రెండో మనిషి లేకపోతే ఆ రాబడీ లేదు. వాళ్ల లెక్కలో క్యాబిన్‌కి ఇద్దరు ఉంటే ఓడ నూరు శాతం నిండినట్టు. మూడో పడక, నాలుగో పడక కూడా నిండితే నూరు దాటుతుంది. అందుకే బడి సెలవుల్లో, అమ్మానాన్నలూ పిల్లలూ కలిసి నలుగురేసి ఎక్కే రోజుల్లో, మనలాంటి వాళ్లకి ధర తగ్గించాల్సిన అవసరం వాళ్లకి ఉండదు. ఆ నెలలు వదిలేయండి. తేదీలు మీ చేతిలో ఉన్నాయన్నారు, మీకున్న అతి పెద్ద బలం అదే.

ఇప్పుడు అసలు లెక్క. క్రూజ్ బిల్లులో మూడు భాగాలు ఉంటాయి. అసలు చార్జీ, పన్నులూ పోర్టు ఫీజులూ, టిప్పులు. సింగిల్ సప్లిమెంట్ పడేది మొదటి దాని మీదే. పోర్టు ఫీజూ టిప్పులూ మనిషికి ఇంత అని ఉంటాయి, మీరు ఒక్కరే కాబట్టి ఒక్కరికే కడతారు. ఉదాహరణకి అసలు చార్జీ తలకి 100, పోర్టు ఫీజులు 20, టిప్పులు 15 అనుకోండి. జంటగా వెళ్లిన వాళ్లకి తలకి 135 అవుతుంది. నూరు శాతం సప్లిమెంట్‌తో, అంటే రెండో మనిషి అసలు చార్జీ కూడా మీరే కడితే, మీకు 200, 20, 15 కలిపి 235. అంటే ఒకటికి 1.74 రెట్లు. రెండు రెట్లు అని అందరూ అనేస్తారు గానీ కాదు.

ఇందులోంచి ఇంకో సంగతి బయటపడుతుంది, నాకు బాగా పనికొచ్చింది అదే. అసలు చార్జీ ఎంత తక్కువైతే సప్లిమెంట్ దెబ్బ అంత తక్కువ. చార్జీ 60కి పడిపోయి, పోర్టు ఫీజులు 40 ఉన్న ట్రిప్ తీసుకోండి. టిప్పులు అదే 15. జంటకి తలకి 115, మీకు 175. ఇక్కడ 1.52 రెట్లే. కాబట్టి సప్లిమెంట్ లేని క్రూజ్ కోసం వెతకడం మానేసి, చార్జీ బాగా తగ్గిన క్రూజ్ కోసం వెతకండి. సప్లిమెంట్ రద్దు అని పెద్ద అక్షరాలతో పెట్టిన ఆఫర్లు చాలాసార్లు అసలు చార్జీ ఎక్కువగా ఉన్న ట్రిప్పుల మీదే కనిపిస్తాయి. పోర్టు ఫీజులు మళ్లీ 20, టిప్పులు 15 అనుకుంటే, 180 చార్జీ మీద సప్లిమెంట్ లేకపోతే మీ బిల్లు 215. 80 చార్జీ మీద నూరు శాతం సప్లిమెంట్ వేసినా 195. రెండోదానికి ఏ బ్యానరూ ఉండదు, అందుకని ఎవరూ దాని వంక చూడరు.

నేను చూసేది ఒకే ఒక్క అంకె. అన్నీ కలిపి నా ఒక్కదానికి అయ్యే మొత్తాన్ని రాత్రుల సంఖ్యతో భాగిస్తే ఎంత వస్తుందో అది. డిస్కౌంట్ శాతం, పాత ధర మీద గీత, ఉచిత వైఫై, ఇవేవీ ఆ కాగితం మీదికి రానివ్వను.

ఈ మొత్తం చూసేటప్పుడు ఒక జాగ్రత్త. కాలిఫోర్నియాలో 2024 జూలై నుంచి ఒక చట్టం వచ్చింది, ప్రకటించే ధరలో తప్పనిసరి ఫీజులన్నీ కలిపి చూపించాలని. దాంతో పెద్ద క్రూజ్ కంపెనీలు అమెరికా వెబ్‌సైట్లలో పన్నులూ పోర్టు ఫీజులూ కలిపే చూపిస్తున్నాయి. అన్ని దేశాల సైట్లలోనూ అలా ఉండదు. ఒక సైట్‌లో కలిపిన ధర, ఇంకో సైట్‌లో కలపని ధర పక్కపక్కన పెట్టి పోలిస్తే తప్పుడు నిర్ణయం వస్తుంది. డబ్బు కట్టే పేజీకి ఒక్క అడుగు ముందు వరకూ వెళ్లి అక్కడ కనిపించే అంకె రాసుకోండి. టిప్పులు చాలా కంపెనీలు అక్కడ కూడా కలపవు, ఓడలో రోజుకింత అని అకౌంట్‌లో వేస్తాయి. అవి విడిగా కలుపుకోండి.

స్టూడియోల గురించి రేపు రాస్తాను, కళ్లు లాగుతున్నాయి.


చివరి_నిమిషం:

నేను వాడే చిట్కా ఒకటి చెప్తాను. కొన్నిసార్లు ఆఫర్ల వల్ల ఒక్కరికంటే ఇద్దరికి బుక్ చేస్తేనే చవగ్గా వస్తుంది. అలాంటప్పుడు రెండో పేరు కింద ఎవరిదో ఒకరిది పెట్టేయండి. రేవు దగ్గర ఆ మనిషి రాలేదని చెప్తే సరి. పోర్టు ఫీజులు కూడా వెనక్కి వస్తాయి.


లోపలి_క్యాబిన్:

కెరటం గారూ, దయచేసి ఆ పని చేయకండి.

నిజంగా వస్తానన్న మనిషి చివర్లో రాలేకపోవడం వేరు. అది ఎవరికైనా జరుగుతుంది. రాని మనిషి పేరు కావాలని రాయడం వేరు. ఓడ ఎక్కేవాళ్ల జాబితా పాస్‌పోర్టు వివరాలతో సహా ముందే అధికారులకి వెళ్తుంది. ఉత్తుత్తి పేరు పెడితే ఆన్‌లైన్ చెక్‌ఇన్ దగ్గరే ఇరుక్కుంటారు. సరే, నిజంగా ఉన్న మనిషి పేరే పెట్టారనుకోండి. మధ్యలో ఆ పేరు తీసేయమన్నారంటే మీ బుకింగ్‌కి ఒక్క మనిషి రేటు మళ్లీ వేస్తారు, అదీ ఆ రోజు ధరకి. చవక అనుకున్నది కాస్తా పోతుంది.

ఇద్దరి ధర కంటే ఒక్కరి ధర ఎక్కువ కనిపిస్తే ఫోన్ చేసి అడగండి. వెబ్‌సైట్ ఒక్కరికి చూపించని ఆఫర్‌ని కాల్ సెంటర్ వాళ్లో ఏజెంటో వేయగలిగిన సందర్భాలు ఉన్నాయి. వేయకపోతే ఆ ట్రిప్ వదిలేసి ఇంకోటి చూడండి, ఓడలకేం కరువు లేదు.

ఇక స్టూడియోలు. ఈ కాలపు పెద్ద ఓడల్లో ఒంటరి వాళ్ల కోసం గదులు పెద్ద సంఖ్యలో కట్టడం నార్వేజియన్ అనే క్రూజ్ కంపెనీ వాళ్ల ఎపిక్ ఓడతో మొదలైంది, 2010లో. ఆ ఓడలో 128 స్టూడియోలు. ఒక్కొక్కటి సుమారు 100 చదరపు అడుగులు. సముద్రం వైపు కిటికీ ఉండదు, నడవా వైపు గుండ్రటి కిటికీ ఉంటుంది. గది చిన్నదే అయినా, స్టూడియోల వాళ్లకి మాత్రమే తలుపు తెరుచుకునే లాంజ్ ఒకటి ఇచ్చారు. మీరు భోజనం దగ్గర టెన్షన్ అన్నారు చూడండి, దానికి మంచి మందు ఆ లాంజ్. సాయంత్రం అక్కడికి వెళ్తే ఎవరో ఒకరు డిన్నర్‌కి వస్తారా అని అడుగుతారు. అదే కంపెనీ 2024 నుంచి తన ఓడలన్నిటిలోనూ కొన్ని మామూలు గదుల్ని కూడా సోలో ధరకి అమ్ముతోంది.

రాయల్ కరీబియన్ కంపెనీలో క్వాంటమ్ ఓడ 2014లో వచ్చినప్పుడు స్టూడియోలు పెట్టారు. లోపలి గదుల్లో గోడ మీద నిలువెత్తు స్క్రీన్ ఉంటుంది, బయట సముద్రం అప్పుడు ఎలా ఉందో దాంట్లో అలాగే కనిపిస్తుంది. సెలబ్రిటీ ఎడ్జ్‌లో, ఇది 2018 ఓడ, ఒంటరి వాళ్లకి సముద్రం వైపు గదులే ఇచ్చారు. కునార్డ్ వాళ్ల క్వీన్ మేరీ 2కి 2016లో మరమ్మతులు చేసినప్పుడు 15 సింగిల్ గదులు చేర్చారు, అవన్నీ కిటికీ ఉన్నవే. 15 అంటే ఎన్ని? అంత పెద్ద ఓడలో ఏ మూలకీ రావు. కొన్ని తేదీలకి అమ్మకాలు మొదలైన కొద్ది కాలానికే అయిపోతాయి.

చవకా అంటే, అన్నిసార్లూ కాదు. స్టూడియో ధర గిరాకీని బట్టి కదులుతుంది. అదే ఓడలో మామూలు లోపలి క్యాబిన్‌కి నూరు శాతం సప్లిమెంట్ కట్టినా స్టూడియో కంటే తక్కువైన రోజులు నేను చాలా చూశాను. పెద్ద గది, తక్కువ డబ్బు. స్టూడియో అన్న పేరు చూసి ఆగిపోకుండా రెండో ట్యాబ్‌లో మామూలు క్యాబిన్ కూడా తెరిచి చూడండి. ఇంకో మాట, వెతికేటప్పుడు మొదటి నుంచే ప్రయాణికులు 1 అని పెట్టాలి. 2 అని పెడితే సోలో గదులు అసలు కనిపించవు.

ముందు కొనాలా, చివర్లో కొనాలా అన్నదానికి నా జవాబు గదిని బట్టి ఉంటుంది. స్టూడియో కావాలంటే ముందే. అవి కొద్దిగా ఉంటాయి, ధర పెరుగుతుందే గానీ తగ్గడం అరుదు. మామూలు లోపలి క్యాబిన్ అయితే, అందులోనూ సీజన్ కాని రోజుల్లో అయితే, ఆగొచ్చు. చాలా కంపెనీల్లో మిగతా డబ్బంతా కట్టాల్సిన ఫైనల్ పేమెంట్ గడువు ప్రయాణానికి సుమారు మూడు నెలల ముందు పడుతుంది. ఆ గడువు దాటగానే డబ్బు కట్టని వాళ్ల గదులన్నీ తిరిగి అమ్మకానికి వస్తాయి. నేను కొనేది ఎక్కువగా ఆ తర్వాతి వారాల్లోనే. అమ్ముడుపోని గదికి ఒక్కరైనా వస్తే చాలు అనుకునే దశ అది, అప్పుడప్పుడూ సప్లిమెంట్ సగానికి తగ్గిస్తారు. అయితే విమానం టికెట్ అప్పటికి పెరిగి కూర్చుంటే లాభం అంతా అక్కడ పోతుంది. రేవు మీకు రైల్లో అందే దూరంలో ఉంటే ఆగండి. విమానమే గతి అయితే రెండూ కలిపి లెక్క వేసుకున్నాకే ఆగండి.

గ్యారంటీ క్యాబిన్ అని ఒక రకం ఉంటుంది. లోపలి గది అని మాత్రం మీరు ఒప్పుకుంటారు, నంబరు వాళ్లిష్టం. ఆ మేరకు ధర తగ్గుతుంది. పైన డ్యాన్స్ ఫ్లోర్ పడితే రాత్రి ఒంటిగంట దాకా మీరూ డ్యాన్స్ చేస్తున్నట్టే ఉంటుంది. చెవుల్లో పెట్టుకునే దూది తీసుకెళ్లండి. నిద్ర తేలికగా చెదిరేవాళ్లయితే ఈ రకం వద్దు, ఆ కాస్త తేడా కట్టి గది ఎంచుకోండి.


వంతెన_మీద:

లోపలి క్యాబిన్ గారు చెప్పినదానికి నేను కొంచెం చేరుస్తాను. పెద్ద ఓడలే క్రూజ్ కాదు.

నార్వే తీరం వెంబడి బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా నడిచే ఓడలు ఉన్నాయి. హుర్టిగ్రూటెన్ పేరుతో 1893 నుంచి నడుస్తున్న దారి అది. 2021 నుంచి హావిలా అనే ఇంకో కంపెనీ కూడా ఆ దారిలోకి వచ్చింది. వెళ్లి రావడానికి 12 రోజులు, ఒకవైపు 34 రేవులు. సరుకులు, ఊళ్ల మధ్య తిరిగే స్థానికులు కూడా ఎక్కుతారు. కాసినో లేదు, షోలు లేవు. కిటికీ దగ్గర కూర్చుని కొండలు చూడటమే పని. మొత్తం దారి కొననక్కర్లేదు, రెండు మూడు రేవుల మధ్య కూడా టికెట్ తీసుకోవచ్చు. వేసవి కాకుండా మిగతా నెలల్లో ఒంటరి వాళ్లకి సప్లిమెంట్ తీసేయడమో తగ్గించడమో అప్పుడప్పుడూ చేస్తారు. చలికాలం వెళ్తే పగలు చాలా చిన్నది, ఆకాశంలో రంగులు, అదే నార్తర్న్ లైట్స్, కనిపించే అవకాశం ఎక్కువ. నేను ఫిబ్రవరిలో వెళ్లాను, ఓడలో ఒంటరి వాళ్లే సగం మంది అనిపించింది.

రెండోది నదుల మీద క్రూజ్. డాన్యూబ్, రైన్. ఓడలు చిన్నవి, రెండొందల మందికి లోపే. గదులు తక్కువ కాబట్టి ఖాళీ ఉంటే వాళ్లకి బాధ ఎక్కువ. మార్చి, నవంబరు లాంటి నెలల్లో కొన్ని గదులకి సప్లిమెంట్ ఎత్తేస్తారు, సాధారణంగా కింది డెక్‌లో నీటి మట్టానికి దగ్గరగా ఉండేవి. చార్జీ మాత్రం పెద్ద ఓడల కంటే ఎక్కువే, కాకపోతే చాలా చోట్ల టూర్లు అందులోనే ఉంటాయి. ఎండాకాలం చివర రైన్‌లో నీళ్లు తగ్గితే ఓడ ఆగిపోయి బస్సుల్లో తిప్పిన సందర్భాలు ఉన్నాయి. 2018లోనూ 2022లోనూ నీళ్లు బాగా పడిపోయాయి.


తెరచాప:

మీ అందరి లెక్కలూ చూశాక నాకు తోడు దొరకడమే తేలిక అనిపిస్తోంది.


కెరటం:

చాలా థాంక్స్ అండీ అందరికీ. లోపలి క్యాబిన్ గారూ, మీరు చెప్పినట్టే కాగితం మీద రాసుకున్నాను. డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి, టిప్పులు కలిపి, నా ఒక్కదానికి వేసినవి ఇవి. మొదటిదాన్ని 100 అనుకుని మిగతావి దానితో పోల్చాను.

సప్లిమెంట్ రద్దు అని రాసిన వారం రోజుల ట్రిప్, కొత్త ఓడ, సెప్టెంబరు: 100.

అదే దారి, అదే ఏడు రాత్రులు, పాత ఓడ, అక్టోబరు చివర, నూరు శాతం సప్లిమెంట్: 91.

కొత్త ఓడలో స్టూడియో, ఏడు రాత్రులు, అక్టోబరు: 107.

నాలుగోది నేను వెతకనిది, పక్కన కనిపించింది. బార్సిలోనాలో ఎక్కి ఫ్లోరిడాలో దిగాలి. 13 రాత్రులు, నూరు శాతం సప్లిమెంట్: 135.

రాత్రుల సంఖ్యతో భాగిస్తే వరసగా 14.3, 13, 15.3, 10.4 వచ్చాయి. మీ పద్ధతి ప్రకారం నేను అట్లాంటిక్ దాటాలన్నమాట! ఇంత చవగ్గా ఎందుకు ఇస్తున్నారు, ఇందులో ఏమైనా మెలిక ఉందా?


లోపలి_క్యాబిన్:

మెలిక లేదు, కారణం ఉంది. ఓడలు వేసవి అంతా మధ్యధరాలో తిరిగి, చలికాలానికి కరీబియన్‌కి వెళ్తాయి. వసంతంలో తిరిగి వస్తాయి. ఎటూ ఓడ అటు వెళ్లాల్సిందే, ఖాళీగా తీసుకెళ్లే బదులు జనాన్ని ఎక్కించుకుంటారు. రీపొజిషనింగ్ క్రూజ్ అంటారు వీటిని. అక్టోబరు, నవంబరుల్లో పడమటికి, ఏప్రిల్, మేల్లో తూర్పుకి. వారాల తరబడి సెలవు ఎవరికీ దొరకదు, పిల్లలున్న వాళ్లు రారు, రేవులు తక్కువ. కాబట్టి రాత్రికి పడే ధర దిగిపోతుంది. ఒంటరిగా వెళ్లడానికి నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఇవే. వరసగా ఆరేడు రోజులు నీళ్లు తప్ప ఇంకేమీ కనిపించని ఓడలో మనుషులు ఒకరినొకరు తొందరగా పలకరించుకుంటారు. పడమటికి వెళ్లేటప్పుడు ఇంకో సుఖం ఉంది, గడియారాలు వెనక్కి తిప్పుతారు కాబట్టి కొన్ని రాత్రులు ఒక గంట అదనంగా నిద్ర. తూర్పుకి వెళ్తే ఆ గంటలు పోతాయి.

కానీ మీ 10.4లో తిరుగు విమానం లేదు. ఎక్కేది ఒక ఖండంలో, దిగేది ఇంకో ఖండంలో. ఒకవైపు టికెట్ చాలా పాత ఎయిర్‌లైన్స్‌లో రానుపోను టికెట్‌తో సమానంగా ఉంటుంది, తక్కువ ధర ఎయిర్‌లైన్స్ ఉన్న దారిలో అయితే తట్టుకోవచ్చు. దిగే దేశానికి వీసా కావాలేమో కూడా చూడాలి, మధ్యలో ఆగే దేశాలకి కూడా. ఇవన్నీ కలిపి మళ్లీ భాగించండి. ఆ తర్వాత మీకు మీరే అడగాల్సింది ఒకటి ఉంది. మీకు కావాల్సింది ఊళ్లా, సముద్రమా? మీరు మొదటి పోస్టులో మధ్యధరా అని రాశారు. ఊళ్లు చూడాలని ఉంటే, 13 రాత్రుల్లో ఎక్కువ భాగం నీళ్లు చూసి చవకగా వచ్చానని సంతోషపడటంలో అర్థం లేదు.

నన్నడిగితే మీకు రెండోది. పాత ఓడ అని తీసిపారేయకండి. నీటి జారుడుబల్లలూ రోలర్ కోస్టరూ ఉండవు, అవి మీకు అక్కర్లేదు కూడా. పాత ఓడల్లో లోపలి గదులు కొన్నిసార్లు కొత్త వాటికంటే విశాలంగా ఉంటాయి, గది వైశాల్యం సైట్‌లో ఉంటుంది చూసుకోండి. అక్టోబరు చివర వానలు పడొచ్చు, సముద్రం ఒకట్రెండు రోజులు ఊపొచ్చు. గది ఎంచుకునే వీలుంటే ఓడ మధ్యలో, కింది డెక్‌లో తీసుకోండి, ఊపు తక్కువ తెలుస్తుంది. ఈ విషయం మీ వారికి చెప్పకండి, వస్తానంటారు.


కెరటం:

రానివ్వను! వస్తే ఇద్దరి ధర కాదు, నలుగురి గొడవ. రెండోదే అనుకుంటున్నాను. డిపాజిట్ కట్టే చోట రెండు రకాలు చూపిస్తోంది, వెనక్కి ఇచ్చేది, ఇవ్వనిది. ఇవ్వనిది తీసుకుంటే మొత్తం ఇంకొంచెం తగ్గుతుంది. ఏది తీసుకోమంటారు? మద్యం ప్యాకేజీ కూడా కలిపి అమ్ముతున్నారు, నేను తాగను.


లోపలి_క్యాబిన్:

వెనక్కి ఇచ్చేది. తేడా మరీ పెద్దదైతే తప్ప అదే. ఎందుకంటే మీరు కొన్న తర్వాత కూడా ధర కదులుతూనే ఉంటుంది. ఫైనల్ పేమెంట్ గడువు లోపల అదే గది ధర తగ్గితే ఫోన్ చేసి కొత్త ధరకి మార్చమని అడగొచ్చు, చాలా కంపెనీలు మారుస్తాయి. మార్చనంటే రద్దు చేసుకుని మళ్లీ కొనుక్కునే స్వేచ్ఛ మీకు ఉంటుంది. వెనక్కి ఇవ్వని డిపాజిట్ కడితే ఆ బేరమాడే శక్తి పోతుంది. గడువు తర్వాత ఎంత తగ్గినా మీకేం రాదు, అప్పుడు ఆ పేజీ చూసి బాధపడటం మానేయాలి.

కొనే ముందు మంచి ఏజెంట్‌ని కూడా ఒకసారి అడగండి. కొందరు ఏజెంట్ల దగ్గర ముందే గ్రూప్ ధరకి తీసిపెట్టుకున్న గదులు ఉంటాయి. ధర అదే అయినా ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి కొంత క్రెడిట్ ఇస్తారు. ఆ క్రెడిట్‌తో టిప్పులు కొంతవరకు తీరిపోవచ్చు.

మద్యం ప్యాకేజీ వద్దు. అది కలిపిన ధర, కలపని ధర రెండూ అడగండి, ఉచితం అని రాసిన చోట కూడా. నిజానికి ఇక్కడ ఒంటరి వాళ్లకి ఒక లాభం ఉంది. చాలా కంపెనీల్లో ఒక క్యాబిన్లో ఉన్న పెద్దవాళ్లలో ఒకరు ప్యాకేజీ తీసుకుంటే ఇంకొకరూ తీసుకోవాల్సిందే. మనకా బాధ లేదు.

అదే కంపెనీతో మళ్లీ మళ్లీ వెళ్లే ఉద్దేశం ఉంటే ఎక్కేముందే మెంబర్‌షిప్‌లో చేరండి, దానికి డబ్బులేం ఉండవు. రాయల్ కరీబియన్ లాంటి చోట క్యాబిన్‌కి పూర్తి డబ్బు కట్టి ఒక్కరే వెళ్తే రాత్రికి రెట్టింపు పాయింట్లు వస్తాయి. 340 పాయింట్లు దాటిన వాళ్లకి సప్లిమెంట్ నూరు నుంచి యాభై శాతానికి తగ్గిస్తారు. అంత దూరం వెళ్లడానికి చాలా రాత్రులు సముద్రం మీద పడుకోవాలి, దాని కోసమే అదే కంపెనీని పట్టుకుని వేలాడకండి.

భోజనం సంగతి మీరు తర్వాత అన్నారు. బుకింగ్‌లో పెద్ద టేబుల్, ఇతరులతో కలిసి అని అడిగి పెట్టండి. మొదటి రోజు రోజువారీ కార్యక్రమాల కాగితంలో, లేదా యాప్‌లో, ఒంటరి ప్రయాణికుల కలయిక అని ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దానికి వెళ్లండి. రెండో రోజు వెళ్తే అప్పటికే జట్లు కట్టేసి ఉంటారు.

ఇన్సూరెన్స్ మర్చిపోవద్దు, ఓడ నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు కూడా అందులో ఉందో లేదో చదవండి. ఫైనల్ పేమెంట్ తేదీకి రెండు వారాల ముందే ఫోన్‌లో అలారం పెట్టుకుని, ఆ రోజు మళ్లీ ప్రయాణికులు 1 అని పెట్టి ధర చూడండి. తగ్గి ఉంటే ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని ఫోన్ చేయండి. పెరిగి ఉంటే ఇక్కడికొచ్చి ఎంత పెరిగిందో రాయండి, మా అందరికీ సంతోషంగా ఉంటుంది.